ఎర్తు లేని ఇంట్లో వేడినీళ్లు

దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ (టీజీఎస్పీడీసీఎల్) చైర్మన్, మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

సిద్దిపేట జిల్లా చింతమడక నుంచి రాస్తున్న ఈ లేఖలో అడిగేది ఒక్కటే. ఇంట్లో నీళ్లు కాచుకునే ప్లగ్గు పాయింటుకు నిజమైన ఎర్తు తీగ వచ్చిందా, ఆ లైనుకు ముందు, కరెంటు లీకైతే సరఫరాను తెంపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందా అన్నది మీ సంస్థే ఇల్లిల్లూ తిరిగి పరీక్షించాలి, లేనిచోట పెట్టించాలి. చలికాలం వచ్చిందంటే జిల్లా పేజీల్లో ఒకే రకం వార్త కనబడుతుంది: బకెట్లో హీటర్ పెట్టి, నీళ్లు కాగాయో లేదో చూడబోయి కరెంటు షాక్‌తో మృతి. ఆ కింద జాగ్రత్తలు అచ్చవుతాయి: స్విచ్ ఆపండి, చెప్పులు వేసుకోండి, తడి చేతులతో ముట్టుకోవద్దు. అన్నీ మంచి మాటలే. కానీ వాటన్నిటి వెనకా చనిపోయిన మనిషిదే తప్పన్న తీర్పు దాగి ఉంది. ఆ తీర్పు సరికాదన్నది నా వాదం. చాలా ఇళ్లలో మనిషిని చంపేది మతిమరుపు కాదు, అక్కడ ఉండాల్సి ఉండి లేకుండా పోయిన తీగ. ఆ తీగ మొదలు ఎవరు ఇవ్వాలో చట్టం చాలా కాలం కిందటే చెప్పింది.

నీళ్లు కాచే పద్ధతి ఊళ్లలో ఎంత మారిందో మీకు తెలియంది కాదు. కట్టెల పొయ్యి మీద కాగు పెట్టే రోజులు పోయాయి. ముందు రాడ్డు హీటర్ వచ్చింది, తర్వాత గీజర్ వచ్చింది, ఇప్పుడు నల్లాకే బిగించుకునే ఇన్‌స్టంట్ హీటర్లు, తిప్పగానే వేడినీళ్లు పోసే కరెంటు షవర్లు ఫోనులో ఆర్డరు పెడితే ఇంటికొస్తున్నాయి. మిషన్ భగీరథ నీళ్లను ఇంటి నల్లాదాకా తెచ్చింది. ఆ పథకాన్ని 2016 ఆగస్టులో ప్రారంభించింది ఈ జిల్లాలోని కోమటిబండలోనే. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్లలోపు వాడే అర్హులైన ఇళ్లకు బిల్లు సున్నా. 1500 వాట్ల రాడ్డును రోజూ అరగంట వాడితే నెలకు దాదాపు 23 యూనిట్లే. కట్టెలు కొట్టి తెచ్చుకోవడం కన్నా ఇదే చవక, ఇదే సుఖం. నీళ్లూ కరెంటూ రెండూ స్నానాల గదిలోకి వచ్చాయి, రెంటినీ ప్రభుత్వాలే తెచ్చాయి, అందులో తప్పేమీ లేదు. ఆ రెంటికీ మధ్య ఉండాల్సిన రక్షణ మాత్రం ఏ పథకంలోనూ లేదు.

రాడ్డు లోపల ఏముందో తెలిస్తే సగం భ్రమలు పోతాయి. మెలిక తిప్పిన లోహపు గొట్టం మధ్యలో నైక్రోమ్ తీగ, ఆ తీగ గొట్టాన్ని తగలకుండా చుట్టూ గట్టిగా కూరిన మెగ్నీషియం ఆక్సైడ్ పొడి. ఆ తెల్లటి పొడే కరెంటుకూ నీళ్లకూ మధ్య గోడ. రాడ్డును నీళ్లలో పెట్టకముందే స్విచ్ వేసినా, గుర్తు పెట్టిన గీత కిందకి నీళ్లు తగ్గినా, గొట్టం ఎర్రగా కాలి సన్నని పగులు వస్తుంది. బోరు నీళ్ల ఉప్పు పొరలు పొరలుగా పేరుకుని వేడి బయటికి పోనివ్వకపోయినా అదే జరుగుతుంది. ఆ పగులులోంచి తేమ పొడిలోకి దిగుతుంది. ఆనాటి నుంచి రాడ్డు నీళ్లను మామూలుగానే కాస్తుంది, చూస్తే ఏ తేడా ఉండదు, కానీ గొట్టంలోకి కరెంటు కారుతుంటుంది. ప్లాస్టిక్ బకెట్ కదా, భయం లేదనుకుంటారు. నిజానికి జరిగేది దానికి తలకిందులు. ప్లాస్టిక్ కాబట్టే ఆ లీకయిన కరెంటుకు నేలలోకి దారి దొరక్క నీళ్లలోనే కాచుకుని ఉంటుంది. తడి నేల మీద వట్టి కాళ్లతో నిలబడి ఎవరు వేలు ముంచితే వాళ్లే దారి. త్రీ పిన్ ప్లగ్గులో పైనుండే లావు పిన్ను అందుకే ఉంది, ఆ దారి మనిషి కాకుండా తీగ కావాలని. కానీ సాకెట్ విప్పి చూడండి. కింది రెండు బొక్కల వెనక తీగలుంటాయి. పైదాని వెనక మర వదులుగా, ఖాళీగా, కొన్నిచోట్ల సున్నం పట్టి ఉంటుంది. పిన్ను దిగుతుంది, బిగుతుగా కూర్చుంటుంది, దాని అవతల ఏమీ ఉండదు.

ఇక్కడే, కరెంటు మోతాదు మించితే పడే ఎంసీబీ ఉందిగా అంటారు. ఎంసీబీ కాపాడేది గోడలోని తీగను, మనిషిని కాదు. తడిసిన ఒంటికి నిరోధం వెయ్యి ఓములు అనుకుందాం, 230 వోల్టులు తగిలితే 230 మిల్లీ ఆంపియర్లు ఒంట్లోంచి పోతాయి. పది మిల్లీ ఆంపియర్ల దగ్గరే కండరాలు బిగిసి పట్టు వదలలేని స్థితి వస్తుంది. యాభై దాటితే కొద్ది క్షణాల్లో గుండె లయ తప్పవచ్చు. మరి 16 ఆంపియర్ల ఎంసీబీకి 230 మిల్లీ ఆంపియర్లు అంటే తన హద్దులో దాదాపు డెబ్బయ్యో వంతు మాత్రమే. మనిషి పోయాక కూడా అది పడదు, దాని తప్పు లేదు, దాన్ని అందుకు తయారుచేయలేదు. ఇంతకీ 1500 వాట్ల రాడ్డు తీసుకునేదే ఆరున్నర ఆంపియర్లు. దాన్ని 6 ఆంపియర్ల సాకెట్‌కు తగిలించే ఇళ్లలో బోర్డు గోధుమరంగుకు మారి, పిన్ను చుట్టూ ప్లాస్టిక్ కరిగి కనబడుతుంది. మూడు కిలోవాట్ల ఇన్‌స్టంట్ హీటర్ 13 ఆంపియర్లు లాగుతుంది. విదేశీ కరెంటు షవర్లలో 8.5 కిలోవాట్లవి మామూలే, వాటికి 37 ఆంపియర్లు కావాలి, అంటే ఇంటి మొత్తానికి రాయించుకున్న లోడుకు ఎన్నో రెట్లు.

ఎర్తు తవ్వించుకుంటే సరిపోతుందా అంటే, మన నేలలో ఒక్క ఎర్తుతో సరిపోదు. ఈ మాట గట్టిగా చెప్పాల్సిందే, ఎందుకంటే మంచి ఎలక్ట్రీషియన్లు కూడా ఇక్కడే ఆగిపోతారు. సి రకం 16 ఆంపియర్ల ఎంసీబీ చటుక్కున పడాలంటే 160 ఆంపియర్లదాకా ప్రవహించాలి. 230 వోల్టులతో అంత ప్రవాహం రావాలంటే దారి మొత్తం నిరోధం ఒకటిన్నర ఓము లోపుండాలి. ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ కింద రాయి ఉన్న నేలలో ఒక జీఐ పైపు, ఇంత ఉప్పు, ఇంత బొగ్గుతో అది వచ్చేది కాదు. వానాకాలంలో బాగున్న గుంత ఏప్రిల్‌కు ఎండిపోతుంది. గుంత నిరోధం వంద ఓములుందనుకోండి. రాడ్డు మొత్తంగా పాడై ఫేజు నేరుగా గొట్టానికి తగిలినా నేలలోకి పోయేది 2.3 ఆంపియర్లే, ఎంసీబీ కదలదు, గొట్టం మీద ప్రాణాంతకమైన వోల్టేజీ అలాగే నిలిచి ఉంటుంది. అదే లైనులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే ఆ 2.3 ఆంపియర్లు దానికి డెబ్బయి రెట్ల పైమాట, కన్ను మూసి తెరిచేలోపు కట్ అవుతుంది. పొద్దున మందలో పోయిన గొర్రెలన్నీ సాయంత్రం తిరిగొచ్చాయా అని దొడ్డి వాకిట్లో లెక్కపెట్టే గొల్లాయనలా, అది ఫేజులో పోయినదీ న్యూట్రల్‌లో తిరిగొచ్చినదీ సరిచూస్తుంటుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే సెకనులో మూడో వంతు లోపు, అయిదింతలైతే నలభై మిల్లీ సెకన్లలో తెంపేస్తుంది. దానికి గుంత గొప్పగా ఉండక్కర్లేదు, నిరోధం వందల ఓములున్నా పనిచేస్తుంది. రాతినేల మీద బతికే మనకు ఇంతకన్నా తగిన పరికరం లేదు. అలాగని ఎర్తు మానేసి అదొక్కటే పెట్టుకున్నా పూర్తి న్యాయం జరగదు. ఎర్తు ఉంటే పాడైన రాడ్డు ప్లగ్గు పెట్టగానే కరెంటు పోతుంది. లేకపోతే మనిషి ముట్టుకున్నాకే పోతుంది, షాక్ తగిలాకే. బతుకుతాడు గానీ, తడి గచ్చు మీద పడి తల పగిలితే దానికి ఆర్‌సీసీబీ ఏం చేస్తుంది? ఇంకో మాట కూడా దాచకూడదు. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకున్నవాణ్ణి ఆర్‌సీసీబీ గుర్తుపట్టలేదు. దాని పైనుండే టెస్ట్ మీటను అప్పుడప్పుడూ నొక్కి చూడకపోతే చెడిపోయిన సంగతీ తెలియదు.

ఎర్తు లేకపోవడం కన్నా ప్రమాదమైన పని మరొకటుంది. సాకెట్లో ఎర్తు బొక్క ఖాళీగా ఉందని అడిగితే, అక్కడే న్యూట్రల్ నుంచి చిన్న ముక్క తీగ తెచ్చి లూపు వేసి ‘ఎర్తు ఇచ్చాం’ అనే పనివాళ్లున్నారు. టెస్టింగ్ బల్బు పెడితే వెలుగుతుంది, ఇంటాయన సంతోషిస్తాడు. స్తంభం నుంచి వచ్చే సర్వీసు తీగలో న్యూట్రల్ తెగినా, మీటరు దగ్గర మర వదులైనా ఏమవుతుంది? ఇంట్లో వెలుగుతున్న ఒక్క బల్బులోంచే ఫేజు న్యూట్రల్‌లోకి వచ్చి, ఆ ముక్క తీగ గుండా గీజర్ డొల్ల మీదకీ రాడ్డు గొట్టం మీదకీ చేరుతుంది. ఏ పరికరమూ పాడుకాకుండానే ఆ లూపుకు కలిసిన ఇనుప వస్తువులన్నీ షాకు కొట్టడం మొదలవుతుంది. ఇక ఫేజూ న్యూట్రలూ తారుమారైన ఇళ్లలో స్విచ్ ఆపినా రాడ్డు తీగలో కరెంటు ఉంటూనే ఉంటుంది, ఎందుకంటే స్విచ్ తెంపేది న్యూట్రల్‌ను. స్విచ్ ఆపి చెయ్యి పెట్టమనే సలహా ఆ ఇళ్లలో చంపే సలహా. ప్లగ్గు పీకి చెయ్యి పెట్టండి అని చెప్పాలి. మీ కరపత్రాల్లో ఈ ఒక్క వాక్యం మార్చినా మేలే. కానీ లూపు ఉన్నదో, తీగలు తారుమారయ్యాయో ఇంటివాళ్లకు కంటికి కనబడదు. టెస్టరూ, ఇన్సులేషన్ కొలిచే మెగ్గరూ పట్టుకున్న మనిషి వచ్చి చూడాలి. అందుకే ఈ లేఖ ఊరి జనానికి కాక మీకు రాయాల్సి వచ్చింది.

జనం జాగ్రత్తగా ఉంటే ఇవన్నీ అవసరమా అన్న ప్రశ్నకు జవాబు ఇతర దేశాల్లో ఎప్పుడో వచ్చింది. బ్రెజిల్‌లో కోట్ల ఇళ్లలో స్నానం కరెంటు షవరుతోనే. చాలా రకాల్లో కాలే తీగ నీళ్లలో నేరుగా మునిగి ఉంటుంది, మన రాడ్డులా గొట్టం చాటు కూడా లేదు. చూస్తే గుండె జారేంత వ్యవహారం. వాళ్లు షవర్లు నిషేధించలేదు, వాటిని వాడే జనాన్ని తిట్టనూ లేదు. స్నానాల గది లైన్లకు ఎర్తు, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ పరికరం ఉండాలని ఆ దేశపు వైరింగ్ ప్రమాణం అడుగుతుంది. ఆ రెండూ అమర్చని పాత ఇళ్లే అక్కడా గండం. చదువుకో ఉద్యోగానికో బ్రిటన్ వెళ్లిన మన పిల్లలు అద్దె ఇంట్లో పైకప్పు నుంచి వేలాడే తాడు లాగి షవర్ వేసుకుంటారు. స్నానాల గదిలో చేతికందే మామూలు స్విచ్ పెట్టరు, షవరుకు మీటరు బోర్డు నుంచి విడిగా లావు తీగ వేస్తారు, 2008 నాటి వైరింగ్ నియమాల నుంచి కొత్తగా వేసే స్నానాల గది లైన్లన్నిటికీ ఈ 30 మిల్లీ ఆంపియర్ల రక్షణ తప్పనిసరి. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ప్రొఫెసర్ చార్లెస్ డాల్జియెల్ ఎంత కరెంటుకు మనిషి పట్టు వదలలేకపోతాడో ఏళ్ల తరబడి కొలిచి, 1961లో ఈ కోవకు చెందిన పరికరాన్ని రూపొందించాడు. 1975 నుంచి అక్కడ కొత్త ఇళ్ల స్నానాల గదుల్లో అది ఉండాల్సిందే. ఈ దేశాల జనం మనకన్నా జాగ్రత్తపరులు కారు. తడి చేతులు వాళ్లవీ తడి చేతులే. మనిషి పొరపాటు చేస్తాడన్న లెక్కతోనే అక్కడి నియమాలు రాశారు.

మన నియమాలూ అంత వెనకబడి లేవు, చిత్రమంతా అక్కడే ఉంది. వినియోగదారుడి ఆవరణలో, సరఫరా మొదలయ్యే చోటనో దానికి దగ్గర్లోనో, అందుబాటులో ఉండేలా తగిన ఎర్తు టెర్మినల్‌ను సరఫరాదారే ఏర్పాటు చేసి నిర్వహించాలని 1956 నాటి భారత విద్యుత్ రూల్స్‌లో 33వ రూలు చెప్పింది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన భద్రతా నిబంధనల్లో అదే మాట 16వ నిబంధనగా వచ్చింది. అదే నిబంధనల్లో 31వది కొత్త కనెక్షన్ ఇచ్చే ముందు ఇంటి వైరింగ్‌ను సరఫరాదారు స్వయంగా పరీక్షించాలి, లేదా లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు సంతకం చేసిన పరీక్ష ఫలితాలను తీసుకోవాలి అంది. లీకేజీ పట్టే పరికరం గురించీ ఒక నియమం పెట్టారు గానీ, 250 వోల్టుల లోపు సరఫరాలో 5 కిలోవాట్ల కన్నా తక్కువ లోడున్న కనెక్షన్లను అప్పుడు దాన్నుంచి మినహాయించారు. తరువాత సవరణలు వచ్చాయి, 2023లో పాతవాటి స్థానంలో కొత్త నిబంధనలే వచ్చాయి. కానీ ఆ తొలి మినహాయింపులోని ఆలోచన ఇంకా మన ఊళ్ల వైరింగ్‌లో బతికే ఉంది. చిన్న లోడు అంటే చిన్న ప్రమాదం అనుకున్నారు. ఒక కిలోవాటు లోడు రాయించుకున్న రెండు గదుల ఇంట్లోనే 1500 వాట్ల రాడ్డు బకెట్లో మునిగేది. అయిదు కిలోవాట్ల ఇంటాయన గీజర్‌ను కంపెనీ మనిషి వచ్చి బిగించి పోతాడు. రక్షణ ఎక్కువ అవసరమైన ఇల్లు ఏది?

మీటరు దాటాక మాకు సంబంధం లేదు అనే మాట మీ సిబ్బంది నోట రావచ్చు. ఇంటి లోపలి తీగలు ఇంటివాళ్లవే, ఒప్పుకుంటాను. ఎర్తు టెర్మినల్ మాత్రం మీటరుకు ఇవతల కాదు, మీటరు పక్కన. దాన్ని ఇవ్వాల్సిన బాధ్యత మీది. పైగా పరీక్ష కాగితం లేనిదే కనెక్షన్ ఇవ్వకుండా ఆపే అధికారమూ మీదే. మీటరు దగ్గర ఎర్తు టెర్మినల్ ఉన్న ఇళ్లెన్ని, లేనివెన్ని, ఆ లెక్కను ఊరువారీగా బయటపెట్టమని అడుగుతున్నాను. లెక్క బాగుంటే మీకే గౌరవం. ఖర్చు అంటారా, రెండు పోల్‌ల ఆర్‌సీసీబీ ఒకటి రెండు వేల రూపాయలకు అటూ ఇటూ దొరుకుతుంది. ఇల్లంతా కొత్త వైరింగ్ చేయించుకోలేని పాత పెంకుటింటికి మొత్తం మార్పించాల్సిన పనిలేదు. రాడ్డు పెట్టుకునే ఆ ఒక్క చోట ఆర్‌సీసీబీ, ఎంసీబీ, 16 ఆంపియర్ల సాకెట్ కలిపి ఒక పెట్టె, దాని నుంచి గుంత దాకా ఒక ఆకుపచ్చ ఎర్తు తీగ చాలు. మిగతా ఇల్లు మెల్లగా చూసుకోవచ్చు. గృహజ్యోతి ఇళ్లకు ఆ పెట్టెను ప్రభుత్వమే ఇవ్వాలని మీరు సిఫారసు చేయగలరు.

అన్నిటికన్నా బలమైన ఆక్షేపణ మరొకటి. వానాకాలంలో ఆర్‌సీసీబీలు ఊరికే పడుతుంటాయి, జనం విసుగెత్తి బైపాస్ చేయించుకుంటారు, పెట్టీ లాభం లేదు అని. ఇది నిజంగా జరిగే పనే, కొట్టిపారేయను. కానీ ఊరికే పడదు. గోడ తేమ పట్టిన చోట తీగ జోడు ఊడి ఉంటుంది, లేదా పాత మోటరు వైండింగ్ లీకవుతుంటుంది, లేదా ఒక గది న్యూట్రల్‌ను ఇంకో గది లైనుకు కలిపేసి ఉంటారు. ఈ చివరిది మన వైరింగ్‌లో మామూలు, పనివాడి తొందరలో పుట్టే తప్పు. ఇల్లంతటికీ ఒకటే ఆర్‌సీసీబీ పెడితే ఎక్కడ లీకైనా ఇల్లంతా చీకటవుతుంది, అప్పుడు తీసి పారేయాలనిపిస్తుంది. నీళ్లు కాచే లైనుకు విడిగా ఒకటి పెడితే లైట్లూ ఫ్యాన్లూ ఆగవు, పడినప్పుడు అనుమానం నేరుగా రాడ్డు మీదకే పోతుంది, రాడ్డు మార్చుకుంటారు. అందుకే మొదటి దశలో ఆ ఒక్క పాయింటునే అడుగుతున్నాను. ఐఎస్ఐ గుర్తు లేని రాడ్లు సంతల్లో అమ్ముడుపోకుండా చూడటం మీ పని కాదు, దాన్ని ఇందులో కలపను.

మొదలెక్కడ పెట్టాలన్నది పెద్ద సమస్య కాదు. చింతమడకకు ప్రయోగాలు కొత్త కావు. రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు పుట్టిన ఊరు ఇది. 2019 జూలైలో ఆయనే ఇక్కడికి వచ్చి ఇంటికి పది లక్షల రూపాయల లబ్ధి ప్రకటించిన సంగతి రాష్ట్రమంతా విన్నది, అన్ని ఊళ్లూ వదిలి ఈ ఊరికేనా అని అప్పట్లో విమర్శలూ వచ్చాయి. ఆ తగవు ఇక్కడ అనవసరం. ఇప్పుడు అడిగేది పది లక్షల వరం కాదు, మీ చట్టపు పని. అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) స్థాయి అధికారి, ఇద్దరు లైన్‌మన్లు, ఒక మెగ్గరు, ఒక ఎర్త్ టెస్టరు, ఒక రిజిస్టరు ఉంటే ఊరి ఇళ్లన్నీ ఒక చలికాలంలో చూడొచ్చు. ప్రతి ఇంటికీ నాలుగే గడులు: మీటరు దగ్గర ఎర్తు ఉందా, సాకెట్ దాకా వచ్చిందా, న్యూట్రల్ లూపు ఉందా, ఆర్‌సీసీబీ మీట నొక్కితే పడిందా. ఆ రిజిస్టరు నకలు గ్రామ పంచాయతీలో గోడకు పెట్టండి.

కొత్త ఇళ్ల సంగతి దీనికన్నా తొందర. ఇందిరమ్మ ఇళ్లకు ప్రభుత్వం అయిదు లక్షల రూపాయలు విడతలుగా ఇస్తోంది, చివరి విడత ఇల్లు పూర్తయ్యాక. బేస్‌మెంటు, గోడలు, స్లాబు అయ్యాయో లేదో చూసి డబ్బులు వేసే పద్ధతి ఇప్పటికే ఉంది. స్లాబు పోయకముందు ఆకుపచ్చ తీగ పైపులో వేయడానికి అయ్యే ఖర్చు కొద్ది వందలు. ప్లాస్టరింగ్ అయ్యాక అదే తీగ కోసం గోడ పగలగొట్టాలి. కనుక చివరి విడతకు ముందు మీ సంస్థ ఇచ్చే ఎర్తు పరీక్ష పత్రం కూడా ఒక షరతుగా ఉండాలని గృహనిర్మాణ శాఖకు మీరు లేఖ రాయాలి. గోడలు లేస్తున్న ఇళ్లకు ఈ నెలలో రాస్తే అందుతుంది. సంక్రాంతి తర్వాత రాస్తే వాటిలో చాలా ఇళ్లకు సున్నం కూడా కొట్టేసి ఉంటారు.

ఇట్లు,
చింతమడక గ్రామ విద్యుత్ వినియోగదారుడు